మడ్డి మీద పెరిగిన వైన్: మ్యుస్కదే గుణం, దానికి తగిన వంటలు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే వైన్ పేరు మ్యుస్కదే. ఫ్రెంచి తెల్ల వైన్ల ప్రస్తావన వచ్చినప్పుడు షాబ్లీ, సాన్సెర్ వంటి పేర్లు ముందుగా వినిపిస్తాయి. లువార్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోట, నాంత్ నగరం చుట్టుపక్కల తయారయ్యే మ్యుస్కదే పేరు చాలా ఆలస్యంగా వస్తుంది. వచ్చినా, ఆల్చిప్పలు తినేటప్పుడు తాగే చవక వైన్ అనే మాటతోనే వస్తుంది. నాంత్‌లో చదువుకుంటూ కొన్నేళ్లు గడిపినవాడిగా ఆ మాట నాకు అన్యాయంగా తోస్తుంది. ఈ వైన్‌ను గ్లాసులో ఒంటరిగా పెట్టి తూకం వేయడం వల్లనే ఆ అన్యాయం జరుగుతున్నదని, భోజనం బల్ల మీద, పక్కన చేప ఉండగా చూస్తే తప్ప దీని గుణం బయటపడదని నా అభిప్రాయం. అది ఎందుకో వివరించడానికే ఇక్కడ నిలబడ్డాను.

ముందుగా పేరు సంగతి. మ్యుస్కదేకూ, గులాబీ వాసన వేసే మస్కట్ ద్రాక్షకూ ఏ సంబంధమూ లేదు. ఈ వైన్ మెలోన్ ద బుర్గోన్ అనే ద్రాక్షతో తయారవుతుంది. బుర్గోన్ అంటే మనం బర్గండీ అని పిలిచే ప్రాంతం. మెలోన్ అనే మాట ఆ తీగ ఆకులు గుండ్రంగా ఉండటం వల్ల వచ్చిందని చెబుతారు. 1990ల చివరలో జరిగిన జన్యు పరీక్షలలో ఈ ద్రాక్ష పీనో, గూఏ బ్లాన్ అనే రెండు రకాల సంకరం వల్ల పుట్టినదని తేలింది. విశేషమేమిటంటే ప్రపంచమంతటా పేరు మోసిన షార్దొనే కూడా ఆ తల్లిదండ్రుల సంతానమే. ఒకే ఇంట పుట్టిన ఇద్దరిలో ఒకరికి రాజ్యం దక్కగా, రెండవవారిని సొంత ఊరే బయటకు పంపింది. బర్గండీ పాలకులు మెలోన్ తీగలను పీకివేయాలని ఒకటికి రెండుసార్లు ఆజ్ఞలు ఇచ్చారు.

నాంత్‌లో దానికి చోటు దొరకడానికి రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది వ్యాపారం. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు నాంత్ రేవులో బలంగా పాతుకున్నారు. సముద్రం మీద దూరం పోయే సరుకుగా వైన్ కంటే దాన్ని కాచి తీసిన సారా వారికి లాభసాటిగా ఉండేది; బ్రాందీ అనే మాట కూడా కాచిన వైన్ అనే అర్థం గల డచ్చి మాట నుంచే వచ్చింది. కాచడానికి ప్రత్యేకమైన సువాసన అక్కరలేదు, పుల్లగా, నిలకడగా కాసే తెల్ల ద్రాక్ష చాలు. రెండవ కారణం చలి. 1709 జనవరిలో ఐరోపాను ముంచెత్తిన శీతలానికి ఫ్రాన్సులో నదులు గడ్డకట్టాయి, ద్రాక్ష తోటలు నిలువునా చచ్చాయి. మళ్ళీ నాటవలసి వచ్చినప్పుడు రైతులు మంచుకు తట్టుకునే తీగను వెతుక్కున్నారు. మెలోన్ మొగ్గ వసంతంలో తొందరగా విచ్చుకుంటుంది కనుక ఆ కాలపు మంచు దాన్నీ కాల్చగలదు, కానీ నడి శీతాకాలపు చలిని దాని కట్టె బాగా ఓర్చుకుంటుంది. అలా సారా బట్టీ కోసం, చలి భయం వల్ల నాటిన తీగ ఈ నేలకు సొంతమైపోయింది. ఎవరూ దీని రుచిని చూసి దీన్ని ఎంచుకోలేదన్న సంగతిని మనం గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇక మీదట చెప్పబోయేదంతా ఆ లోటును మనుషులు ఎలా పూడ్చారన్న కథే.

మెలోన్ ద్రాక్షకు సువాసన తక్కువ. పిండిన కొత్త రసాన్ని పులియబెట్టి, వెంటనే తేర్చి, సీసాలో పోస్తే వచ్చే వైన్‌లో కొంచెం పచ్చి ఆపిల్, కొంచెం నిమ్మతొక్క, మిగిలినదంతా పులుపే. అక్కడితో ఆగితే దాని గురించి ఇంత సేపు మాట్లాడే పని లేదు. దాని రూపు మార్చినది మడ్డి.

మన భాషలో మడ్డి అనేది మంచి మాట కాదు. నూనె మడ్డి, బుర్ర మడ్డి అంటాం. తేట మనది, మడ్డి పారబోసేది. వైన్ విషయంలో మడ్డి అంటే పులియబెట్టే పని ముగించి, తినడానికి చక్కెర మిగలక చనిపోయి, తొట్టి అడుగున చేరిన ఈస్టు కణాల పొర. చాలా చోట్ల వైన్‌ను ఒక తొట్టి నుంచి మరొక తొట్టికి మార్చి ఆ పొరను వదిలించుకుంటారు. నాంత్ రైతులు దాన్ని వదలరు. శీతాకాలమంతా వైన్‌ను ఆ సన్నని మడ్డి మీదే కదల్చకుండా ఉంచి, వసంతం వచ్చాక, మరో తొట్టికి మార్చకుండా, అక్కడి నుంచే నేరుగా సీసాల్లో నింపుతారు. ఫ్రెంచిలో దీన్ని స్యూర్ లీ అంటారు, అంటే మడ్డి మీద అని. సీసా మీద ఆ రెండు మాటలు కనిపిస్తే ఆ వైన్ కనీసం ఒక చలికాలం అలా గడిపి, తయారైన చోటే సీసాలోకి చేరిందని అర్థం.

ఈ పద్ధతి ఎలా మొదలైందో అక్కడివారు ముచ్చటగా చెప్పుకుంటారు. ప్రతి కుటుంబమూ పంటలో మేలైన ఒక పీపాను పెళ్ళి వంటి ఇంటి వేడుక కోసం వేరుగా పెట్టేదట. అమ్మేది కాదు కనుక దాన్ని ఎవరూ తేర్చేవారు కాదు, కదిలించేవారు కాదు. నెలల తరువాత తెరిచి చూస్తే ఆ పీపాలోని వైన్ మిగతా వాటికంటే తాజాగా, నిండుగా ఉండేదట. పనిగట్టుకుని చేసిన ప్రయోగం కంటే ఇంట్లో అట్టే పెట్టిన సరుకే ఎక్కువ నేర్పిన సందర్భాలు మన ఊరగాయల విషయంలోనూ ఉన్నాయి కనుక నాకు ఆ కథ నమ్మదగినదిగానే అనిపిస్తుంది.

ఆ నెలల్లో తొట్టి లోపల జరిగేది ఇది. చనిపోయిన ఈస్టు కణాల గోడలు తమలోని ఎంజైముల వల్లనే మెల్లగా విచ్చిపోయి, లోపలి ప్రోటీన్లూ, చక్కెర అణువులతో కూడిన ప్రోటీన్లూ, అమైనో ఆమ్లాలూ వైన్‌లో కరుగుతాయి. నాలుక మీద వైన్ బరువుగా, నునుపుగా తగలడానికి కారణం ఇవే. తీపి లేకపోయినా పులుపు పదును కాస్త గుండ్రబడుతుంది. అప్పుడే కాల్చిన రొట్టె వాసన, పులిసిన పిండి వాసన వంటివి కూడా అందులో నుంచే వస్తాయి. రెండవది, మడ్డి ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, కాబట్టి వైన్ రంగు మారకుండా, వడలకుండా నిలుస్తుంది. మూడవది, తొట్లు మార్చకపోవడం వల్ల పులిసినప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొంత వైన్‌లోనే మిగిలిపోయి, నాలుక కొస మీద సన్నగా చురుక్కుమంటుంది. ఇది షాంపేన్ నురగ కాదు. బుడగలు కంటికి సరిగా కనబడవు, నాలుకకే తెలుస్తాయి. ఆ ప్రాంతపు నేలమాళిగలలో భూమి లోపల కట్టి, లోపలి గోడలకు గాజు పలకలు తాపడం చేసిన సిమెంటు తొట్లు కనిపిస్తాయి. ఓక్ కర్ర వాసన అంటకుండా, ఉష్ణోగ్రత ఎగుడుదిగుడు కాకుండా, మడ్డిని ఒక విశాలమైన పలుచటి పొరగా పరచడానికి అవి ఎంతో అనువైనవి.

నేను మొదటిసారి అటువంటి తొట్టి మూత తీయించుకుని, పైపుతో తీసిన వైన్‌ను రుచి చూసినప్పుడు అది పాలనీళ్ళలా మసకగా ఉండింది. మా ఊళ్ళో ఈతకల్లు దించి తెచ్చినవారు అడుగు మిగిలిన లొట్టిని పూర్తిగా కడగకుండా మర్నాటికి వాడటం చిన్నప్పుడు చూశాను. పాత లొట్టిలో మిగిలిన ఆ అడుగే కొత్త కల్లును పులియబెడుతుంది. ఆ తొట్టి ముందు నిలబడి ఉండగా నాకు ఆ లొట్టి జ్ఞాపకం వచ్చింది. రెండు చోట్లా అడుగు పొరలో ప్రాణం ఉందని తెలిసిన పనివాళ్ళు ఉన్నారు.

ఇక నేల. సెవ్ర్, మేన్ అనే రెండు చిన్న నదుల మధ్య, నాంత్‌కు ఆగ్నేయంగా ఉన్న తోటలే ఈ వైన్‌కు గుండెకాయ; మ్యుస్కదే సెవ్ర్ ఎ మేన్ అన్న పేరుకు 1936లో చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. షాబ్లీ వంటి చోట్ల కనిపించే సున్నపురాయి ఇక్కడ లేదు. గ్రానైట్, నైస్, అభ్రకపు పలకరాళ్ళు, గాబ్రో వంటి పురాతనమైన గట్టి రాళ్ళ మీద పలుచటి మట్టి. తెలుగువారికి ఈ రాళ్ళు కొత్తవి కావు. హైదరాబాదు గుట్టలు గ్రానైట్, తూర్పు కనుమలలో నైస్ జాతి రాళ్ళు విస్తారం. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసి, బంగారు చుక్కల నల్ల గ్రానైట్ అనే పేరుతో దేశదేశాలకు అమ్ముతున్న రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు గాబ్రో కోవలోనే చేరుస్తారు. నాంత్ దగ్గరి గోర్జ్ అనే ఊరి తోటలు ఆ కోవ రాయి మీదే ఉన్నాయి. రాయి రుచి నేరుగా వైన్‌లోకి ఎక్కుతుందని చెప్పడం శాస్త్రానికి నిలవదు. నీరు ఎంత నిలుస్తుంది, నేల ఎంత త్వరగా వేడెక్కుతుంది, కాయ ఎప్పుడు పండుతుంది అన్నవాటిని రాయి నిర్ణయిస్తుంది, వైన్‌లో మనకు అందేది ఆ తేడా. గాబ్రో చివికి బంకమట్టి అవుతుంది, అది చల్లగా ఉంటుంది, అక్కడ కాయ ఆలస్యంగా పండుతుంది. గోర్జ్ వైన్ మొదట్లో ముడుచుకుని, బిరుసుగా ఉండి, ఏళ్ళు గడిచాక తెరుచుకుంటుంది. పక్కనే ఉన్న క్లిసోన్‌లో గ్రానైట్ నేల తొందరగా వేడెక్కడం వల్ల వైన్ పండు రుచితో, ఒళ్ళు విప్పుకుని ఉంటుంది.

ఈ రెండు ఊళ్ళకూ, ల పాలే అనే మూడవ ఊరికీ 2011లో సొంత పేరుతో వైన్ అమ్ముకునే ప్రత్యేక హోదా వచ్చింది, తరువాత మరికొన్ని ఊళ్ళు చేరాయి. మధ్యయుగపు తత్త్వవేత్త పియెర్ అబెలార్ పుట్టినది ఆ ల పాలేలోనే. ఈ ఊళ్ళ పేరు వేసుకున్న వైన్‌ను ఒక చలికాలం కాదు, ఊరిని బట్టి ఏడాదిన్నర, రెండేళ్ళు మడ్డి మీద ఉంచాలి. ఇరవయ్యవ శతాబ్దం చివర ఎక్కువ దిగుబడి మీద, తక్కువ ధర మీద దృష్టి పెట్టిన కాలంలో నీళ్ళ వంటి మ్యుస్కదే బజారును నింపింది, దాని పేరు చెడింది, ధర పడిపోయింది, తోటలు తగ్గిపోయాయి. పేరు నిలబెట్టుకోవడానికి ఆ రైతులు ఎంచుకున్న దారి కొత్త ఓక్ పీపాలు కొనడమో, తీపి పెంచడమో కాక, తమ మడ్డినే మరింత కాలం నమ్ముకోవడం అయినందుకు నాకు వారంటే గౌరవం.

ఇప్పుడు బల్ల దగ్గరకు వద్దాం.

మ్యుస్కదేలో ఆల్కహాల్ సుమారు 12 శాతం, తీపి లేదు, ఓక్ లేదు, ఎర్ర వైన్‌లో ఉండే వగరు లేదు. లేనివాటి జాబితాలా వినిపించే ఈ మాటలే సముద్రపు ఆహారం పక్కన ఉన్నవాటి జాబితా అవుతాయి. పచ్చి ఆల్చిప్పను తీసుకోండి. దానిలో ఉప్పునీరు, కాస్త తీపి, కాస్త ఇనుము వాసన, వెన్న వంటి మెత్తదనం ఉంటాయి. దాని పక్కన ఓక్‌లో పెరిగిన బరువైన వైన్ పెడితే ఆల్చిప్ప కనబడదు. ఎర్ర వైన్ పెడితే నోట్లో నీచు కంపు పుడుతుంది. 2009లో జపాన్ పరిశోధకులు ఈ కంపుకు వైన్‌లో కరిగి ఉన్న ఇనుము ముఖ్య కారణమని చూపించారు. సముద్రపు ఆహారంలోని కొవ్వుతో అది కలిసినప్పుడు నీచు వాసన వేసే పదార్థాలు పుడతాయి. తెల్ల వైన్లలో సాధారణంగా ఇనుము తక్కువ. మ్యుస్కదే ఆల్చిప్ప మీద పిండిన నిమ్మచెక్కలా పనిచేస్తుంది, పైగా మడ్డి ఇచ్చిన నునుపు, ఆల్చిప్ప మెత్తదనానికి ఎదురు నిలవకుండా దానితో సాగిపోతుంది. ఉడికించిన నల్ల ఆల్చిప్పలు, సన్నని సముద్రపు రొయ్యలు, గేరాండ్ ఉప్పు మడులలో పండిన ఉప్పు చల్లి నిప్పుల మీద కాల్చిన సార్డీన్ చేపలు, ఇవన్నీ అదే దారిలో నడుస్తాయి.

అయితే నా దృష్టిలో ఈ వైన్ తన అసలైన శక్తి చూపించేది ఆల్చిప్ప దగ్గర కాదు, లువార్ నది చేప దగ్గర. నాంత్ పక్కనే నది ఒడ్డున పుట్టిన ఒక వెన్న రసం ఉంది, దాని పేరు బర్ బ్లాన్, అంటే తెల్ల వెన్న. పందొమ్మిదో శతాబ్దం చివరలో అక్కడ పూటకూటి ఇల్లు నడిపిన క్లెమాన్స్ లఫెవ్ర్ అనే వంటమనిషి దీన్ని కనిపెట్టిందని చెబుతారు. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలను వెనిగర్‌లోనో మ్యుస్కదేలోనో, లేదా రెండూ కలిపిన దానిలోనో తడి ఇంకేదాకా సన్నని మంట మీద ఉడికించి, చల్లని వెన్న ముక్కలను ఒక్కొక్కటిగా వేస్తూ, మరగనివ్వకుండా గిలకొడతారు. వెన్న కరిగి నూనెలా విడిపోకుండా, పులుపును పట్టుకుని మీగడలా నిలబడాలి. చేయి తిరగనివారికి అది విరిగిపోతుంది. దీన్ని ఉడికించిన పైక్ చేప మీదనో, అలోజ్ అనే చేప మీదనో పోసి వడ్డిస్తారు.

ఈ అలోజ్ గురించి చెప్పకుండా నేను ముందుకు వెళ్ళలేను. అది సముద్రంలో పెరిగి, వసంతంలో గుడ్లు పెట్టడానికి లువార్ నదిలోకి ఎదురీదుతుంది. ఒంటి నిండా కొవ్వు, కొవ్వు నిండా రుచి, మాంసం నిండా సన్నని ముళ్ళు. గోదావరి జిల్లాల వారికి ఇక వివరించనక్కరలేదు. వరదనీరు ఎర్రబడిన కాలంలో సముద్రం విడిచి ధవళేశ్వరం ఆనకట్ట దాకా ఎదురీదే మన పులస, ఈ అలోజ్ దగ్గరి చుట్టాలు. నదుల మీద కట్టడాలు రెండింటికీ దారి కుదించాయి, రెండూ ఏటేటా అరుదైపోతున్నాయి. పులసను మనం చింతపండు పులుసులో నెమ్మదిగా ఉడికించి, మర్నాటికి ఉంచి తింటాం. ఫ్రెంచివారు అలోజ్‌ను ఓజేయ్ అనే పుల్లని ఆకుతో వండుతారు. అది మన చుక్కకూర జాతి మొక్కే. ఆ ఆకు పులుపుకు సన్నని ముళ్ళు మెత్తబడతాయని వారి పాత నమ్మకం. రెండు వేరు ఖండాలలో, ఒకరి సంగతి ఒకరికి తెలియని వంటవాళ్ళు, కొవ్వు నిండిన ఏటి చేపకు పులుపే తోడని తేల్చుకున్నారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. పండ్లలో సాధారణంగా ఉండే పులుపు నిమ్మలోని సిట్రిక్ ఆమ్లమో, ఆపిల్‌లోని మాలిక్ ఆమ్లమో. టార్టారిక్ ఆమ్లం ప్రధానంగా ఉండే పండ్లు బహు కొద్ది. వాటిలో ఒకటి ద్రాక్ష, మరొకటి చింత. మ్యుస్కదే మొదటి గుక్కలోనే మన నాలుకకు ఎక్కడో తెలిసినట్లు అనిపించడానికి కారణం అదే కావచ్చునని నేను భావిస్తాను. అందువల్లనే చేపల పులుసు పక్కన ఈ వైన్‌ను పెట్టవద్దని నా గట్టి సలహా. పులుసులో చేపకు కావలసిన పులుపు ముందే ఉంది, దాని మీద మరో పులుపు చేరితే వైన్ పలుచనై, నీరసమైపోతుంది. మిరపకారం సంగతి కూడా అంతే. ఆల్కహాల్ కారపు మంటను పెంచుతుంది, కారం వైన్ సువాసనను మింగేస్తుంది. మొదటి ఏడాది మిత్రుల కోసం నేను గుంటూరు కారం వేసిన రొయ్యల వేపుడుతో, ఫ్రీజర్‌లో గడ్డకట్టబోయిన మ్యుస్కదేను వడ్డించాను. వైన్ ఉత్త చల్లనీళ్ళలా మిగిలిపోయింది, తప్పు నాదే అయినా వచ్చినవారు వైన్‌ను నిందించి వెళ్ళారు. అదే రొయ్యలను ఉప్పు, పసుపు, కాస్త మిరియం, నెయ్యితో వేయించినప్పుడు, ఉప్పూ పసుపూ మాత్రమే పట్టించిన చందువా ముక్కను పెనం మీద కాల్చినప్పుడు ఫలితం పూర్తిగా వేరు. కొబ్బరిపాలతో, కారం లేకుండా వండిన పీతల కూర కూడా, మడ్డి మీద రెండేళ్ళు గడిపిన క్లిసోన్ వంటి దానికి చక్కగా అమరుతుంది.

మాంసాహారం తినని వారు అడిగే ప్రశ్నకూ జవాబు చెప్పాలి. ఉప్పు పట్టిన మేకపాల చీజ్, నాంత్ ప్రాంతపు క్యురే నాంతే అనే మెత్తని చీజ్ దీనికి మంచి తోడు. నూనెలో వేయించిన పదార్థాలకు ఈ పులుపు ఎంతో మేలు చేస్తుంది. వంకాయ, ఉల్లి బజ్జీలతో నేను దీన్ని తాగి చూశాను. చట్నీలో కారం తగ్గిస్తే చాలు.

చివరగా వడ్డించే పద్ధతి. 9 నుంచి 11 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత సరిపోతుంది. ఫ్రిజ్ నుంచి తీసి పది నిమిషాలు బయట ఉంచితే దాదాపు అక్కడికి చేరుతుంది. అంతకంటే చల్లగా ఉంటే పులుపు మాత్రమే మిగులుతుంది, మడ్డి ఇచ్చిందంతా దాక్కుంటుంది. మామూలు స్యూర్ లీ సీసాను రెండు మూడేళ్ళలో తెరవడం మంచిది. గోర్జ్, క్లిసోన్ వంటి ఊళ్ళ పేరున్న సీసాలు పదేళ్ళు, అంతకు మించి కూడా నిలుస్తాయి. అప్పుడు వాటిలో తేనె, ఎండిన పూలు, చెకుముకి రాళ్ళు రాసినప్పటి వాసన వస్తాయి, వాటికి కొంచెం పెద్ద గ్లాసు, కొంచెం తక్కువ చల్లదనం ఇవ్వాలి.

ఈ సాయంత్రం బల్ల మీద రెండు సీసాలు ఉన్నాయి, ఒకటి ఒక చలికాలం మడ్డి మీద ఉన్నది, రెండవది రెండేళ్ళు ఉన్న గోర్జ్. తాగే అలవాటు లేనివారు వాసన చూస్తే చాలు, తేడా అక్కడే తెలుస్తుంది. తాగేవారు మొదటిదాన్ని ఒక్క గుక్క రుచి చూసి ఆగండి; వంటగదిలో చుక్కకూరతో ఉడుకుతున్న చేప మరో ఐదు నిమిషాలలో వస్తుంది, రెండవ గుక్కను దానితో తీసుకోండి.